జంతువుల ఊపిరితిత్తుల చిత్రణలో శరీర భంగిమ

జంతువుల ఛాతీకి ఎక్స్-రే లేదా సీటీ స్కాన్ తీసేటప్పుడు ఆ జంతువును ఏ తీరున ఉంచినారన్నదే శరీర భంగిమ. కుడిపక్క, ఎడమపక్క, బోర్లా, వెల్లకిలా, నిలువు అనేవి ముఖ్యమైన భంగిమలు. భంగిమ మారితే అదే ఊపిరితిత్తి చిత్రంలో వేరుగా కనిపిస్తుంది. ఒక భంగిమలో స్పష్టంగా ఉన్న కణితి మరొక భంగిమలో కనిపించకుండా పోవచ్చు. ఆరోగ్యంగా ఉన్న భాగమే ఇంకొక భంగిమలో జబ్బు పడినట్లు తోచవచ్చు.

కారణం

1895లో విల్‌హెల్మ్ రాంట్‌జెన్ కనుగొన్న ఎక్స్-కిరణాలను గాలి దాదాపుగా అడ్డుకోదు. అందువల్ల గాలి నిండిన ఊపిరితిత్తి ఫిల్ముపై నల్లగానూ, కణితి, చీము, రక్తం తెల్లగానూ పడతాయి. చుట్టూ నలుపు ఉన్నంతవరకే తెల్లని మచ్చ కంటికి ఆనుతుంది.

కుక్కను కుడిపక్కకు పడుకోబెట్టినప్పుడు గుండె బరువు కుడి ఊపిరితిత్తిపై పడుతుంది. పొట్టలోని అవయవాలు డయాఫ్రం అనబడే ఉదరవితానాన్ని కిందివైపున ఛాతీలోకి నెడతాయి. బల్లకు ఆనిన పక్కటెముకలు సరిగా విచ్చుకోవు. ఈ మూడింటి వలన కింది ఊపిరితిత్తిలో గాలి తగ్గి, అది బూడిదరంగుకు తిరుగుతుంది. అందులోని కణితి బూడిదలో బూడిదగా కలిసిపోతుంది. పై ఊపిరితిత్తి మాత్రం నిండుగా గాలి పీల్చుకొని నల్లగా ఉంటుంది. కాబట్టి కుడి ఊపిరితిత్తిలోని జబ్బును చూడాలంటే జంతువును ఎడమపక్కకు పడుకోబెట్టాలి. విద్యార్థులు తరచుగా తారుమారు చేసే విషయమిది.

మత్తుమందు ఇచ్చినప్పుడు ఈ మార్పు మరింత త్వరగా వస్తుంది. శుద్ధమైన ఆక్సిజన్ ఇస్తే ఇంకా వేగం, ఎందుకంటే వాయుకోశాలలోని ఆక్సిజన్‌ను రక్తం పూర్తిగా పీల్చుకోగా అవి ముడుచుకుపోతాయి. వాయుకోశాలను తెరచి నిలిపే నైట్రోజన్ అప్పుడు అక్కడ ఉండదు. 1971లో తొలిసారి రోగిపై వాడిన సీటీ యంత్రానికి రూపకర్త గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్. ఆయన పేరిట ఉన్న కొలతలో నీటికి 0, గాలికి −1000. ముడుచుకున్న ఊపిరితిత్తి ఈ కొలతలో నీటికి దగ్గరగా చేరి, న్యుమోనియాను పోలి ఉంటుంది. అనుమానం వచ్చినచోట జంతువును తిప్పి మళ్ళీ చూస్తే ముడుత విడిపోతుంది, న్యుమోనియా ఉన్నచోటే ఉంటుంది.

కుక్కలు, పిల్లులు

పొదుగు కణితి ఉన్న ఆడకుక్కకు శస్త్రచికిత్స చేయాలా వద్దా అన్నది చాలావరకు ఆ క్యాన్సరు ఊపిరితిత్తులకు పాకినదా లేదా అన్నదానిపై ఆధారపడుతుంది. ఒక్క పక్క నుండి తీసిన చిత్రాన్ని నమ్ముకొని నిర్ణయించడం ప్రమాదకరం. అందుకే కుడిపక్క, ఎడమపక్క, వెల్లకిలా లేక బోర్లా, ఇలా మూడు చిత్రాలు తీయడం నియమంగా స్థిరపడింది. అయినా కొద్ది మిల్లీమీటర్ల గడ్డలు ఎక్స్-రేలో దొరకవు. వాటికి సీటీ అవసరం.

వెల్లకిలా, బోర్లా భంగిమలకు దేని ప్రయోజనం దానిదే. ఛాతీలో నీరు చేరిన జంతువును బోర్లా ఉంచితే నీరు గుండె చుట్టూ చేరి దాని అంచును కప్పివేస్తుంది. వెల్లకిలా ఉంచితే నీరు వెన్నువైపుకు జారి గుండె కనిపిస్తుంది. చిత్రం బాగుంటుంది గానీ, ఊపిరి అందక ఆయాసపడుతున్న జంతువును అలా తిప్పితే ప్రాణానికే ముప్పు. అటువంటప్పుడు బోర్లా తీసిన చిత్రంతో సరిపెట్టుకోవడమే వివేకం.

మనుషులలో

బోర్లా ఉన్న కుక్క ఊపిరితిత్తులలో గాలి పైనుండి కిందివరకు సమంగా పరచుకొని ఉంటుందని, వెల్లకిలా ఉంచితే ఆ సమత్వం చెడుతుందని 1980లలో సీటీ పరిశోధనలు చూపాయి. తీవ్ర శ్వాసవైఫల్యం గల రోగులను రోజూ 16 గంటలైనా బోర్లా ఉంచిన ఫ్రాన్సు, స్పెయిన్ వైద్యుల అధ్యయనం 2013లో వెలువడింది. అందులో 28 రోజుల మరణాలు 32.8 శాతం నుండి 16 శాతానికి తగ్గాయి. 2020లో కోవిడ్ రోగులను బోర్లా పడుకోమన్నది ఇందుకే.

పెద్ద పశువులు

గేదెను, గుర్రాన్ని నిలబెట్టే చిత్రం తీస్తారు. ఛాతీ పెద్దది కావడంతో ఒక ఫిల్ము చాలదు, భాగాలుగా తీయవలసి వస్తుంది. గేదెను పడుకోబెడితే పెద్దపొట్ట ఉబ్బి ఊపిరితిత్తులను అణచివేయడమే గాక, పొట్టలోని ద్రవం నోటిలోకి వచ్చి పొలమారే ప్రమాదమూ ఉన్నది.

నిడమనూరు, మిర్యాలగూడ, కోదాడ వంటి సాగర్ ఎడమకాలువ కింది ప్రాంతాలలో గేదెల పెంపకం ఎక్కువ. మందును గొట్టంతో బలవంతంగా పోసినప్పుడు అది వాయునాళంలోకి పోయి న్యుమోనియా రావడం పల్లెలలో తెలిసినదే. నెమరువేసే పశువులలో కుడి ఊపిరితిత్తి ముందు భాగానికి శ్వాసనాళిక నేరుగా వాయునాళం నుండే చీలుతుంది గనుక మందు ముందుగా అక్కడికి చేరుతుంది. ఆ భాగాన్ని ముందుకాళ్ళ కండలు కప్పి ఉంటాయి. కాబట్టి చిత్రం తీసేటప్పుడు వీలైనంతవరకు కాలును ముందుకు జరపాలి. మేతతో మేకులు, తీగలు మింగిన గేదెలలో ఉదరవితానం చిరిగి పొట్టభాగం ఛాతీలోకి దూరితే, అదీ నిలువు చిత్రంలోనే తెలుస్తుంది.

ఊళ్ళలోని పశువైద్యశాలలలో ఎక్స్-రే యంత్రం అరుదు. ఈ ప్రాంత రైతు అందుకు వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణించి హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని పశువైద్య కళాశాల వరకు వెళ్ళవలసి రావచ్చు. గొర్రెలు, మేకలు చిన్నవి గనుక వాటిని పక్కకు పడుకోబెట్టి చిత్రం తీయవచ్చు. అయితే మేసి వచ్చిన వెంటనే పడుకోబెట్టరాదు.