‘మీ గురించి చెప్పండి’

ఉద్యోగపు ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న సాధారణంగా ఇదే. మా అనంతపురం పిల్లలు దీనికి ఇంగ్లీషులో ఒక పాఠం బట్టీపట్టి వెళతారు. మధ్యలో ఒక్క మాట మరిచారా, బండి అక్కడే ఆగిపోతుంది!

2019లో పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల తయారీ మొదలయ్యాక ఇంటర్వ్యూల మాట మా పల్లెల్లోనూ వినబడుతోంది. మొన్న మా వీధి అమ్మాయి జవాబులు సిద్ధం చేసుకోవడానికి నా దగ్గరకు వచ్చింది.

“చదువు ఒక ఏడాది ఎందుకు ఆగిందంటే, జబ్బు చేసిందని చెప్తా తాతా!”

“నిజానికి ఏమైందమ్మా?”

“వానల్లేక చెనిక్కాయ పంట పాయె. అమ్మా నాయనా బెంగుళూరికి కూలికి పోయిరి. అవ్వనూ, తమ్ముణ్ణీ, ఎనుమునూ నేనే చూసుకొంటి.”

“అదే చెప్పు! వచ్చిన కష్టమేమిటి, నువ్వేం చేశావు, ఏం నేర్చుకున్నావు – మూడే మాటలు.”

ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో బతికే సీమ మాది. పడమటి కనుమలు ఒక ఋతుపవనాన్ని అడ్డుకుంటాయి; తూర్పు సముద్రం దూరమై రెండోది సన్నగిల్లుతుంది. ఇక్కడ చదువు ఆగడం తప్పు కాదు, మళ్ళీ మొదలుపెట్టడం యోగ్యత.

తల్లిదండ్రులారా! రాత్రి భోజనాలయ్యాక పిల్లల్ని ఎదుట కూర్చోబెట్టుకుని ఈ ప్రశ్నలు అడగండి. తెలియనిదాన్ని ‘తెలియదండీ’ అనడం కూడా నేర్పండి. బట్టీపట్టినది మరిచిపోవచ్చు, తాను పడ్డ కష్టాన్ని ఎవరు మరుస్తారు?