ఇషుకారుని విద్య

లక్ష్యవేధమును గూర్చి మన పురాణములు చెప్పినంతగా వేఱొకరు చెప్పియుండరు. ద్రుపదుని కొలువున మత్స్యయంత్రమును గొట్టినవానిని, చెట్టుమీది పక్షికన్నును మాత్రమే చూచినవానిని మన పసిపిల్లలును ఎఱుగుదురు. ఆతడు వాడిన బాణమును చెక్కిన వాని పేరు మాత్రము ఎవ్వరికిని తెలియదు. ఒక్క భాగవతము ఏకాదశ స్కంధమున, అవధూత తన యిరువదినలుగురు గురువులను లెక్కించు సందర్భమున, బాణములు చేయు ఇషుకారు నొకనిని ఆ వరుసలో గూర్చుండబెట్టినది. రాజు మేళతాళములతో ప్రక్కనే పోవుచుండినను ఆతడు చేతిలోని బాణమునుండి కన్నెత్తి చూడలేదట! అవధూత వానివలన చిత్తైకాగ్రతను నేర్చెను. గుఱికాండ్రు నేర్వదగిన సంగతి యింకొకటి కలదు. బాణము వంకరయైనచో అర్జునుని కన్ను నిష్ప్రయోజనము.

నేడు ఆ విద్య రైఫిలు తూటాలో దాగియున్నది. తూటా యనగా నాలుగు వస్తువుల కూర్పు: ఇత్తడి కోశము, నిప్పు రాజేయు క్యాపు, మందు, ముందుభాగమున గుండు. మీట నొక్కినంతనే సూది క్యాపును కొట్టును. మందు అంటుకొని వాయువగును. ఆ వాయువు గుండును గొట్టములోని మరచుట్లవెంట త్రిప్పుచు బయటికి నెట్టును. ఇంతవఱకు ఎల్లరకును తెలిసినదే. కాని రైఫిలును కదలకుండ బిగించి, ఒకే తయారీ తూటాలను పదింటిని ప్రేల్చినను పదియు ఒకే రంధ్రమున దూరవు. ఏల? గుఱికానిచేయి వణకుటకు అవకాశమే లేనప్పుడు ఈ చెదరుటకు కారణమేమి?

ఈ ప్రశ్నకై జీవితము ధారపోసినవాడు అమెరికా దేశపు మసాచుసెట్సు రాష్ట్రమున మిల్‌ఫర్డు అను ఊరివాడు, ఫ్రాంక్లిన్ మాన్. వైద్యవిద్య చదివినవాడు, జీవనమునకు కోళ్ల మేతకై ఎముకలు తఱుగు యంత్రములను చేసి అమ్మినవాడు. కదలికకు తావులేని దిమ్మెమీద రైఫిలు గొట్టమును నిలిపి, గుండు పోవుదారిలో వరుసగా కాగితపు తెరలను గట్టి, ఒక్కొక్క తెరమీది రంధ్రమును చూచి గుండు ఎచ్చట ఒరగినదో, ఎచ్చట సర్దుకొన్నదో లెక్కగట్టెను. కారణము తెలియని దోషమునకు ఆయన ‘ఎక్స్ దోషము’ అని పేరిడి, దానిని ఏండ్లతరబడి వేటాడి, ఆ ఫలితములను 1909లో గ్రంథముగా ప్రకటించెను. ఆయన పరీక్షలలో ఒకటి మిక్కిలి విచిత్రమైనది. గుండు ముక్కును చెక్కివేసినను గుఱి అంతగా చెడలేదు. మడమను కొంచెము ఏటవాలుగా చేసినంతనే గుండు దారితప్పెను. గొట్టము చివర విడివడునపుడు వాయువు మడమమీదనే తుదిసారి తన్నును గదా! ఆ మడమ వంకరయైనచో తన్నును వంకరయే. ముక్కు సొగసు చూచి తూటా కొనువారు ఈ సంగతి జ్ఞప్తియందుంచుకొందురు గాక.

చేతితో తూటాలను కూర్చుకొనువారి శ్రమయంతయు ఈ దోషములను ఒక్కొక్కదానిని తగ్గించుటకే. ఒకే కర్మాగారపు కోశములను ఏరి, తూచి, మెడ మందము అంతట సమానమగునట్లు చెక్కి, మందును కంసాలి త్రాసునకంటె సూక్ష్మమైన త్రాసుతో తూతురు. వారి తూనికకు మూలము ‘గ్రెయిను’. అది మన గురువిందగింజ యెత్తులో ఇంచుమించు సగము. దానిలో పదవపాలును వారు విడిచిపెట్టరు. గుండు కోశములో నెంతలోతున కూర్చుండవలెనో ఆ లోతును సైతము తమ గొట్టమునకు సరిపడునట్లు కొద్దికొద్దిగా మార్చి పరీక్షింతురు. 1975లో వైద్యుడగు పాల్మిసానోయు, పనిముట్లు చేయు పిండెలును కలిసి ‘6 పి.పి.సి.’ అను పొట్టి కోశమును రూపొందించిరి. బల్లమీద రైఫిలు నాన్చి కాల్చు పోటీలలో అట్టి తూటాలతో 100 గజముల దూరమున అయిదు గుండ్లు, వాని కేంద్రములను కొలిచినచో, పావు అంగుళములోపలనే పడుట నేడు సామాన్యము. ఇది ఆటవలె కనబడినను ఆట కాదు. తగని మందు పోసినను, తగినదే మితిమీఱినను గొట్టము ప్రేలి ముఖము పోవును. పుస్తకమున ముద్రించిన పరిమితి దాటని బుద్ధిమంతులకే ఆ విద్య. మన దేశమున 1959 నాటి ఆయుధచట్టము ప్రకారము లైసెన్సు లేక తూటాలు చేయుట నేరమని చదువరులకు వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఐతే ఒలింపిక్సులో 50 మీటర్ల రైఫిలు పోటీలకు వాడు తూటా వేఱు. అది ‘.22 లాంగు రైఫిలు’. అమెరికాలో స్టీవెన్సు కంపెనీ 1887లో బయటపెట్టినది. దీనికి వేఱుగ క్యాపు లేదు. కోశపు అడుగు అంచు మడతలో క్యాపుమందును తడిగా పోసి గిరగిర త్రిప్పి నింపుదురు. ప్రేలిన కోశపు అంచు సూదిదెబ్బకు నలిగిపోవును గావున మరల నింపుటకు వీలులేదు. కాబట్టి ఇచ్చట చేతికూర్పు పనికిరాదు. కర్మాగారము చేసినదానిని ఏరుకొనుటయే మిగిలిన విద్య. చేయుట కంటె ఏరుట సులభమని భ్రమింపరాదు.

గుండు తూకము 40 గ్రెయినులు, అనగా 2.6 గ్రాములు. గుఱిపోటీ తూటాలు శబ్దవేగమునకు లోబడి, సెకనుకు సుమారు 320, 330 మీటర్ల వేగముతోనే పోవునట్లు చేయుదురు. శబ్దమును మించి బయలుదేరిన గుండు దారిలో వేగము తగ్గి శబ్దవేగమును దాటునపుడు అలజడికి లోనగును. వేగము ఎక్కువైనచో మంచిదని తలచువారికి ఇది మింగుడుపడదు. వేగము ఎంత యనుటకంటె, ఎల్ల తూటాలకును ఒక్కటే యగుట ముఖ్యము. లెక్క చూడుడు: 50 మీటర్లు పోవుటకు గుండునకు సెకనులో ఆఱవపాలు కాలము పట్టును, ఆలోపల భూమి దానిని 12, 13 సెంటీమీటర్లు క్రిందికి లాగును. రెండు తూటాల వేగములందు సెకనుకు 10 మీటర్ల భేద మున్నచో లక్ష్యముమీద నిలువుగా ఇంచుమించు 8 మిల్లీమీటర్ల భేదము వచ్చును. 10 పాయింట్ల వలయపు వ్యాసమో, 10.4 మిల్లీమీటర్లు! క్యాపుమందు అంచున ఒకప్రక్క పలుచబడుటయే ఇంత చేటునకు చాలును.

ఈ సీసపు గుండునకు పైన మైనమో కొవ్వో పూయుదురు. అది గొట్టమున పలుచని పూతగా నిలిచి వెనుక వచ్చు గుండ్లకు దారి చేయును. ఒక తయారీనుండి వేఱొక తయారీకి మాఱినపుడు క్రొత్తపూత కుదురుటకు కొన్ని గుండ్లు వృథాగా కాల్చవలెను. అంతవఱకు ఫలితమును నమ్మరాదు. తూటామీది కొవ్వు అనగనే మన మనస్సునకు 1857 స్ఫురింపక మానదు. ఎన్‌ఫీల్డు రైఫిలు తూటా కొవ్వును గూర్చిన ప్రశ్న నాడు బారక్‌పూరు శిబిరము నుండి ఢిల్లీవఱకు నిప్పంటించినది. తూటాలో ఏమున్నదని సిపాయి అడుగగా, అడుగుటకు నీవెవ్వడవని దొర కసరెను. మనకు నేటికిని పనికివచ్చు ప్రశ్న సిపాయిదే.

ఏరుకొను విధము చెప్పెదను. ఒకే యంత్రముపై, ఒకే సామగ్రితో, ఒక విడతగా చేసిన తూటాలకు ఒక సంఖ్య వేయుదురు. దానిని ‘లాటు’ అందురు. ఒకే పేరు, ఒకే ధర, ఒకే పెట్టెయైనను లాటు మాఱినచో ఫలితము మాఱును. ఒక రైఫిలునకు అమృతమైన లాటు ప్రక్కవాని రైఫిలునకు విషము కావచ్చును. ఏలన ప్రతి గొట్టమునకును తన లోకొలత, తన కంపము వేఱువేఱుగ నుండును. కావున ‘ఏ తూటా ఉత్తమము?’ అను ప్రశ్నయే తప్పు. ‘నా గొట్టమునకు ఏది?’ అని అడుగవలెను. ఇంగ్లండులో బర్మింగుహాము నగరమున ఈలీ కంపెనీవారును, జర్మనీలో షోనెబెక్ అను ఊర లాపువా కంపెనీవారును ఇందుకై పరీక్షాశాలలు పెట్టియున్నారు. గుఱికాడు తన రైఫిలును కొనిపోయిన, దానిని దిమ్మెకు బిగించి లాటు తరువాత లాటు పదేసి చొప్పున ప్రేల్చి, గుంపు ఎంత యిఱుకుగ వచ్చినదో యంత్రముచేత కొలిచి యిత్తురు. కుదిరిన లాటు దొరకినచో వేలకొలది కొని దాచుకొందురు.

మన గ్రామములలో లైసెన్సు గల పెద్దమనుష్యుల పరీక్ష నేను ఎఱుగనిది కాదు. మూడు గుండ్లు కాల్చి, మూడును దగ్గఱగ పడినచో ‘ఇదే సరకు!’ అని మీసము దువ్వుదురు. మూడు దగ్గఱ పడుట జూదములో వరుసగా మూడు పందెములు గెలుచుట వంటిది. పది పది చొప్పున నాలుగు గుంపులైనను కాల్చి, అందులో మంచిదానిని జేబులో పెట్టుకొని చెడ్డదానిని చింపివేయక, అన్నిటిని కలిపి చూచిననే లాటు గుణము తెలియును. చెడ్డ గుంపును చింపివేయు అలవాటు తుపాకివారికే పరిమితమని నేను అనను.

ఇంత సూక్ష్మము ఎవరికి కావలెనందురేమో! 2012 లండను ఒలింపిక్సు చూడుడు. 50 మీటర్ల బోర్లపడక పోటీలో బెల్జియము వాడగు లయొనెల్ కాక్సు 701.2తో రజతమును, స్లొవేనియా వాడగు డెబెవెట్సు 701.0తో కాంస్యమును గొనిరి. ఆ లక్ష్యముమీద పదవవంతు పాయింటనగా 0.8 మిల్లీమీటరు. డెబ్బది గుండ్ల మొత్తముమీద రజతమునకు కాంస్యమునకు నడుమ దూరము 1.6 మిల్లీమీటర్లు! మన జయదీపు కర్మాకరు 699.1తో నాలుగవ స్థానమున నిలిచి రిక్తహస్తములతో వచ్చెను. ఆ పోటీని 2016 తరువాత ఒలింపిక్సునుండి తొలగించిరి. మూడు భంగిమల పోటీ నిలిచియున్నది. అందు 2024 పారిసులో కొల్హాపూరు జిల్లావాడగు స్వప్నిల్ కుసాళే 451.4తో కాంస్యము నొందెను. ఆ పోటీలో మనకు అదియే మొదటి పతకము. హైదరాబాదున పెరిగిన గగన్ నారంగునకు 2012లో కాంస్యము తెచ్చిన 10 మీటర్ల గాలితుపాకి పోటీలోను ఇదే కథ, 4.5 మిల్లీమీటర్ల సీసపు గుళికను సైతము మిల్లీమీటరులో నూఱవపాలు భేదముతో వేఱు పరిమాణములుగా అమ్ముదురు, ఏరుకొనక తప్పదు.

ఇపుడు అసలు విషయమునకు వచ్చెదను. మన మేటివారు లోకపు పోటీలలో వాడు .22 తూటాలు పైని చెప్పిన ఈలీ, లాపువాలవి, లేదా జర్మనీదేశపు ఆర్.డబ్ల్యు.ఎస్. వారివి. మన ప్రభుత్వ కర్మాగారములు .22 తూటాలను చేయుచునే యున్నవి, ఎన్.సి.సి. బాలబాలికలు .22 రైఫిలుతోనే గుఱి నేర్చుచున్నారు. నేర్చుటకు స్వదేశపు తూటా, గెలుచుటకు విదేశపు తూటా అను ఈ విభాగము ఎంతకాలము? దీనికి మూలము లోతుగా నున్నది. మిల్‌ఫర్డు వైద్యుడు తన పెరటిలో ఎక్స్ దోషమును వేటాడిన తరమునందే, 1878లో లిట్టను ప్రభువు ఆయుధచట్టమును తెచ్చి తెల్లవారిని మినహాయించి మనల నందఱిని నిరాయుధులను జేసెను. 1922 ఆగష్టున అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై బడుటకు కారణము తుపాకులును తూటాలును అన్యత్ర దొరకకుండుటయే. ఆయుధములు విచ్చలవిడిగ తిరుగవలెనని నేను కోరుటలేదు. తిరిగిన దేశముల దుఃఖమును పత్రికలలో చూచుచునే యున్నాము. కాని చేతిపనివాడు ఒక విద్యను ముట్టుకొనుటకే భయపడిన తరములు కొన్ని గడచినవి. స్వరాజ్యము వచ్చిన పిమ్మట 1951లో జాతీయ రైఫిలు సంఘమును స్థాపించినవాడు గాంధీమహాత్ముని అనుచరుడగు మావలంకరు గారు. అహింసావాది గుఱిసంఘము నేల స్థాపించెనని కొందఱు ఆశ్చర్యపడుదురు. నాకు ఆశ్చర్యము లేదు; స్థిరమైన చేయి, నిగ్రహించిన ఊపిరి హింసకు చెందిన గుణములు కావు.

మేలుజాతి తూటా చేయుట రహస్యవిద్య కాదు. సీసము, మైనము, ఇత్తడి, మందు మనయొద్ద నున్నవి. లేనిది సమత, పదివేల తూటాలు ఒక్క తూటావలె నుండుట. అది కర్మాగారపు గోడలలోనే తయారగునది కాదు, పరీక్షాశాల అడిగినపుడు తయారగును. కావున కోట్ల ఖర్చుతో క్రొత్త కర్మాగారమును అడుగుటకు ముందు నేను అడుగునది చిన్నది. 50 మీటర్ల మూసిన సొరంగము, రైఫిలును బిగించు ఇనుప దిమ్మె, రంధ్రములను కొలుచు విద్యుల్లక్ష్యము, వేగమాపకము. ఇవి ప్రతి రాష్ట్రపు గుఱిశాలలో నొకటి చొప్పున నుండవలెను. గచ్చిబౌలిలో గుఱిశాల యున్నది గదా! అచ్చట మన పిల్లలు తమ గొట్టములను తెచ్చి, స్వదేశపు లాటులను విదేశపు లాటుల ప్రక్కన పెట్టి ప్రేల్చి, ఫలితములను దాచక ప్రకటింపవలెను. చెడ్డ లాటు సంఖ్య కర్మాగారపు అధికారి బల్లమీదికి పోవలెను.

ఎండ సంగతియు అప్పుడే తేలును. మందు వేడిమికి వేగముగను, చలికి మందముగను మండును. మంచుమీద పరుగెత్తి కాల్చు పోటీలవారికై లాపువావారు చలికి తగిన .22 తూటాను వేఱుగ చేసి ‘పోలారు’ అని పేరిడి యమ్ముచున్నారు. జర్మనీలో చల్లని శాలలో ఏరిన లాటు మే మాసపు రెంటచింతల ఎండలో ఎట్లు ప్రవర్తించునో మనవారు మన యెండలోనే పరీక్షింపవలెను. అంతవఱకు తూటా పెట్టెలను కారు వెనుకభాగమున ఎండకు వదలక, మట్టికుండ నీడన చల్లగా నుంచి, ప్రతి పెట్టెమీది లాటు సంఖ్యను, ఆనాటి ఉష్ణోగ్రతను, పడిన గుంపు కొలతను ఒక పుస్తకమున వ్రాసికొనుచుండవలెను.