మూర్ఛ ఉన్న బిడ్డ చదువు
(రేడియో ప్రసంగ పాఠము)

రెంటచింతల, గురజాల, మాచర్ల ప్రాంతముల నుండి వింటున్న తలిదండ్రులకు, మాస్టర్లకు ఈ దినమున ఒక సంగతి చెప్పాలి. ముందు నా తప్పు ఒప్పుకొని మొదలుపెడతాను.

కొన్ని సంవత్సరముల క్రితం మా సండే స్కూలుకు నాలుగో తరగతి బాబు ఒకడు వచ్చేవాడు. కంఠత వాక్యము సగం చెప్పి ఆగిపోయేవాడు. కళ్లు తెరిచే ఉండేవి, రెప్పలు కొంచెం కొట్టుకునేవి, చూపు మాత్రం ఎటో ఉండేది. పది సెకన్లలో మళ్లీ మామూలే. ఎక్కడ ఆగాడో వాడికే తెలిసేది కాదు. "నీ మనసంతా మిరప చేలో ఉందిరా" అని అందరి ముందు మందలించాను. పిల్లలు నవ్వారు. బడిలోనూ వాడికి మొద్దు అని పేరు పడింది.

వాళ్లమ్మ గుంటూరు తీసుకువెళ్లింది. అక్కడ డాక్టరుగారు పొయ్యి ఊదినట్లు మూడు నిమిషములు గట్టిగా ఊపిరి తీసి వదలమన్నారట. సమయము పూర్తి కాకముందే బాబు చూపు నిలిచిపోయింది. ఈఈజీ కాగితము మీద కూడా ఆ గుర్తు పడింది. "ఇది కూడా మూర్ఛేనమ్మా" అన్నారు. దీనిని ఆబ్సెన్స్ ఫిట్స్ అంటారు. కింద పడడం, నురగ, కొట్టుకోవడం ఏమీ ఉండవు. దినమునకు పదులసార్లు రావచ్చును. మాస్టరు లెక్క చెబుతుండగా పది సెకన్లు పోతే, ఆ బిడ్డకు మధ్య మెట్టు లేదు. మెట్టు లేని నిచ్చెన ఎక్కమని మనం కొడుతున్నాము.

మూర్ఛ ఉన్న బిడ్డలలో చాలామందికి తెలివిలో ఏ లోటూ లేదు. అయినా మిగిలిన పిల్లల కంటె వీరికి చదువులో ఇబ్బందులు ఎక్కువ అన్నది నిజము. కారణము ఒకటి కాదు. కొందరికి పుట్టినప్పుడు ఊపిరి అందకనో, మెదడువాపు వల్లనో మెదడు దెబ్బతిని ఉంటుంది. ఫిట్స్‌కూ, వెనుకబాటుకూ ఆ దెబ్బే మూలము. చెవి పక్కనున్న మెదడు భాగములో ఫిట్స్ పుడితే జ్ఞాపకశక్తి తగ్గవచ్చును. రాత్రి నిద్రలో ఫిట్స్ వస్తే పగలు బడిలో కునుకే.

మందుల సంగతి కూడా చెప్పాలి. గార్డినాల్ అని మనవాళ్లు పిలిచే మాత్ర చవకైనది, ఫిట్స్ ఆపుతుంది. కాని కొందరు పిల్లలకు మత్తు, చిరాకు తెస్తుంది. ఆబ్సెన్స్ ఉన్న 453 మంది పిల్లలపై అమెరికాలో చేసిన పరిశోధన 2010లో వెలువడింది. ఇథోసక్సిమైడ్, వాల్‌ప్రోయిక్ యాసిడ్ రెండూ దాదాపు సమానంగా ఫిట్స్ ఆపాయి. అయితే ఏకాగ్రత లోపము మొదటి మందు వాడినవారిలో 33 శాతం, రెండవది వాడినవారిలో 49 శాతం కనిపించింది. కాబట్టి మందు మొదలైన తరువాత చదువు ఎలా ఉందో డాక్టరుగారికి తప్పక చెప్పండి. మార్చేది ఆయనే. మీరై మానివేయవద్దు. హఠాత్తుగా ఆపితే విడువని ఫిట్స్ వచ్చి ప్రాణము మీదకు రావచ్చును. ప్రార్థన చేశాము గనుక మాత్రలు మానండి అనే సేవకుని మాట వినవద్దు. నేనూ సేవకుడనే గనుక ధైర్యముగా చెబుతున్నాను.

దయ్యము పట్టిందనేవారు మత్తయి సువార్త 4:24 తీసి చూడండి. అక్కడ దయ్యము పట్టినవారు వేరు, చాంద్రరోగులు వేరు. చాంద్రరోగమంటే మూర్ఛే.

మాస్టరుగారూ, అలాంటి బిడ్డను ముందు బెంచీలో కూర్చోబెట్టండి. చెప్పినది బోర్డు మీద రాసి ఉంచండి, ఇంకొకసారి చెప్పండి. చూపు నిలిచిన వేళ, తేదీ కాగితము మీద రాసి తల్లి చేతికివ్వండి. డాక్టరుగారికి అది ఎంతో ఉపయోగము. నేర్చుకోవడములో ఇబ్బంది ఉందనిపిస్తే భవిత కేంద్రములో అడగండి. సికింద్రాబాదు మనోవికాస్‌నగర్‌లో 1984లో ఆరంభమైన జాతీయ సంస్థలో బుద్ధి వికాసమును పరీక్షించి తలిదండ్రులకు సలహా ఇస్తారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము అభ్యసన వైకల్యమును కూడా గుర్తించింది.

మందు కుదిరిన తరువాత ఆ బాబును అందరి ముందు క్షమించమని అడిగాను. వాడు సిగ్గుపడి, "అయ్యగారూ, ఇప్పుడు మర్చిపోయినా ఎక్కడ మర్చిపోయానో తెలుస్తుందండీ" అన్నాడు.