సైలెన్సర్ మారిస్తే కార్బురేటర్ మాటేమిటి?

బీదరు నుంచి జహీరాబాదుకో, హుమ్నాబాదుకో రోజూ మోటారు సైకిలు మీద పోయివచ్చేవారు మనలో చాలామంది ఉన్నారు. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 ప్రమాణాలు అమలైన తరువాత వచ్చిన కొత్త బళ్లలో దాదాపు అన్నీ ఫ్యూయల్ ఇంజెక్షన్‌వే. అయినా పాత కార్బురేటర్ బళ్లు మన పల్లెల్లో ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. వాటికి కంపెనీ సైలెన్సర్ తీసేసి, పెద్ద చప్పుడు చేసేది బిగించుకోవడం కొందరు కుర్రాళ్లకు సరదా. మరి చప్పుడు పెరిగితే బలం పెరిగినట్టేనా?

ఇంజను ఊపిరి పీల్చే దారి కార్బురేటర్, వదిలే దారి సైలెన్సర్. ఒక గ్రాము పెట్రోలు సరిగ్గా మండాలంటే సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. కంపెనీవారు తమ సైలెన్సర్‌కు తగినట్టే కార్బురేటర్ జెట్ల రంధ్రాలు నిర్ణయిస్తారు. లోపల అడ్డు లేని సైలెన్సర్ పెడితే కాలిన వాయువు తేలిగ్గా పోతుంది, లోపలికి గాలి ఎక్కువగా వస్తుంది. జెట్టు మాత్రం పాతదే. అందువల్ల గాలికి తగినంత పెట్రోలు అందక మిశ్రమం పలచబడుతుంది. మెకానిక్కులు దీన్నే 'లీన్' అంటారు.

దీని గుర్తులేమిటి? యాక్సిలరేటర్ వదలగానే సైలెన్సర్‌లో టపటప పేలుతుంది. ఇంజను త్వరగా వేడెక్కుతుంది. మంజీరా పల్లం నుంచి బీదరు గట్టు మీదికి బరువుతో ఎక్కేటప్పుడు బండి తడబడుతుంది. ఇలాగే చాలాకాలం నడిపితే ఎగ్జాస్ట్ వాల్వు కాలవచ్చు, పిస్టన్ కూడా దెబ్బతినవచ్చు. సరదాకు పెట్టిన ఖర్చు ఇంజను మరమ్మతుతో రెట్టింపవుతుంది.

1985 నుంచి 1996 దాకా తయారైన యమహా ఆర్‌ఎక్స్ 100 వంటి టూ స్ట్రోక్ బళ్ల సంగతి వేరు. వాటి గొట్టం మధ్యలో ఉబ్బి, చివర సన్నబడుతుంది. ఆ ఆకారం వల్ల తిరిగివచ్చే ఒత్తిడి అల, బయటికి జారిపోబోయే తాజా పెట్రోలు మిశ్రమాన్ని మళ్లీ సిలిండరులోకి నెడుతుంది. దాని బదులు ఉత్త గొట్టం పెడితే పికప్పూ పోతుంది, మైలేజీ కూడా పోతుంది.

ఇప్పటికే సైలెన్సర్ మార్చినవారు ఏం చేయాలి? ముందు ఇంజను దగ్గరి గాస్కెట్ లీకు చూపించండి. లీకు ఉన్నా అదే పేలుడు వినిపిస్తుంది. తరువాత ప్లగ్గు విప్పి చూడండి. లేత గోధుమ రంగు ఉంటే మంచిది. తెల్లగా ఉంటే పెట్రోలు చాలడం లేదు. నల్లగా మసి పడితే ఎక్కువవుతోంది. యాక్సిలరేటర్ కొద్దిగా తిప్పినప్పుడు పైలట్ జెట్టు, సగంలో సూది, పూర్తిగా తిప్పినప్పుడు మెయిన్ జెట్టు పనిచేస్తాయి. బండి ఎక్కడ తడబడుతుందో మెకానిక్కుకు చెబితే ఆ భాగమే సరిచేస్తాడు. జెట్టును ఒక్క సైజు మాత్రమే పెంచి, నడిపి, మళ్లీ ప్లగ్గు చూడాలి. సూదితో రంధ్రం పెద్దది చేయించకండి. ఒకసారి కొలత తప్పితే ఆ జెట్టు ఇక పనికిరాదు.

ఇంత చేసినా చిన్న బండికి పెరిగే బలం స్వల్పమే. కార్బురేటర్ సర్దినంత మాత్రాన చప్పుడు తగ్గదు. మోటారు వాహనాల చట్టం 190వ సెక్షను ప్రకారం, శబ్ద ప్రమాణం మీరిన బండి నడిపితే 10,000 రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. కంపెనీ సైలెన్సర్ ఇంట్లో ఉంటే, దాన్నే తిరిగి బిగించి, కార్బురేటర్‌ను పాత కొలతకు తెప్పించుకోవడం అన్నిటికన్నా చౌక.