గుగ్గిలంలో చిక్కిన చీమలు

గురువారం సాయంత్రం ఇంట్లో లోబాన్ పొగ వేసే అలవాటు మా చిత్తూరు వైపు చాలా ఇళ్లలో ఉంది. నిప్పుల మీద కరిగే ఆ ముక్క చెట్టు కార్చిన జిగురే. శేషాచలం కొండల్లోని జాలారి చెట్ల గుగ్గిలమూ అలాంటిదే. వేప బంక నీళ్లలో కరిగిపోతుంది, ఇవి కరగవు. అలా కరగని జిగురు మట్టిలో పూడి, కోట్ల ఏళ్లు గట్టిపడితే రాయిలాంటి అంబర్ అవుతుంది. ఉర్దూలో దాన్ని కహరుబా అంటాం. కాహ్ అంటే గడ్డిపోచ, రుబా అంటే లాక్కునేది. ఉన్నిగుడ్డతో రుద్దితే గడ్డిపోచను లాగుతుంది కనుక ఆ పేరు. కొందరు పెద్దల చేతుల్లో తస్బీహ్ పూసలుగా పాఠకులు చూసే ఉంటారు.

1966లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం, క్లిఫ్‌వుడ్ తీరంలో ఫ్రే దంపతులకు ఒక కహరుబా ముక్క దొరికింది. వారు శాస్త్రజ్ఞులు కారు, సరదాగా రాళ్లు ఏరుకునేవారు. ముక్కలో రెండు చీమలున్నాయి. వాటి వయసు 9 కోట్ల ఏళ్ల పైమాటే. అప్పటిదాకా తెలిసిన పాత చీమలు 5 కోట్ల ఏళ్లు దాటినవి కావు. అంతకుముందు చీమలు ఎలా ఉండేవో చూపే ఆధారమే లేదు. దంపతులు దాన్ని దాచుకోకుండా పండితులకు అప్పగించారు.

ముక్క హార్వర్డ్‌లోని ఎడ్వర్డ్ విల్సన్ చేతికి వచ్చింది. ఆత్రంలో ఆయన దాన్ని జారవిడిచారు! నేలన పడి రెండుగా పగిలింది. చూస్తే ఒక్కో ముక్కలో ఒక్కో చీమ చెక్కుచెదరకుండా ఉంది. అల్లాహ్ కాపాడాడనే అంటాం మేము.

1967లో విల్సన్, కార్పెంటర్, బ్రౌన్ ఆ చీమకు స్ఫెకోమిర్మా ఫ్రేయీ అని పేరు పెట్టారు. కందిరీగ చీమ అని మొదటి మాటకు అర్థం, రెండోది ఫ్రే దంపతుల గుర్తు. దాని దవడలు కందిరీగవిలా పొట్టివి, రెండేసి పళ్లవి. నడుము మాత్రం చీమదే. పైగా రొమ్ము వెనుక భాగంలో చీమలకే ప్రత్యేకమైన గ్రంథి ఉంది. నేటి చీమల్లో ఆ గ్రంథి రసం బూజును, క్రిములను అరికడుతుంది. తడిమట్టిలో కాపురముండే ప్రాణికి అది ఎంత అవసరమో చెప్పనక్కరలేదు.

ఆ రెండూ కూలిచీమలు, అంటే ఆడవి. అన్-నమ్ల్ సూరాలో హజ్రత్ సులైమాన్ (అలైహిస్సలాం) సేన వస్తోందని తోటి చీమలను హెచ్చరించిన చీమకు కూడా స్త్రీలింగ క్రియే ఉంది కదా అని మా విద్యార్థులు అడుగుతుంటారు. అరబీలో ‘నమ్లా’ అన్న మాటే వ్యాకరణరీత్యా స్త్రీలింగం. అంతకుమించి దాని మీద వాదన కట్టడం మాకిష్టం లేదు.

స్ఫెకోమిర్మా జాతి నేడు భూమ్మీద లేదు. దానికంటే పాతవి తర్వాత బర్మా కహరుబాలో దొరికాయి. 2025లో బ్రెజిల్ సున్నపురాతిలో 11 కోట్ల 30 లక్షల ఏళ్ల చీమ సంగతి ప్రకటించారు. రాతిలో ఉన్న ఆ చీమ వివరాలు తెలియడానికి ఎక్స్-రే యంత్రం కావలసి వచ్చింది. క్లిఫ్‌వుడ్ చీమలు వెలుతురుకు పట్టగానే కనిపించాయి.