తెగిన తీగ - ఆగని లెక్క

సాంఖ్యకశాస్త్రంలో కొన్ని లెక్కలు నిమిషాలలో తేలవు. 1979లో అమెరికా శాస్త్రజ్ఞుడు బ్రాడ్లీ ఎఫ్రాన్ ప్రతిపాదించిన 'బూట్‌స్ట్రాప్' పద్ధతి ఇందుకు చక్కని ఉదాహరణ. ఒకే నమూనా నుండి వేలసార్లు పునర్నమూనాలను తీసి, ప్రతిసారీ లెక్కను మొదటినుండి చేయడం ఇందులోని కీలకం. దత్తాంశం పెద్దదైతే ఈ గణన రాత్రంతా సాగవచ్చు. బల్లమీది చిన్న కంప్యూటర్ అంత భారం మోయలేదు. కనుక పరిశోధకులు విశ్వవిద్యాలయంలోనో, పరిశోధన సంస్థలోనో ఉన్న పెద్ద కంప్యూటర్‌తో తమ గదినుండే సంబంధం ఏర్పరచుకొని, లెక్కను అక్కడ నడిపిస్తారు. ఎదుటనున్న తెర అడిగినది చేరవేసి, వచ్చిన జవాబు చూపుతుంది. శ్రమించేది మాత్రం దూరాన ఉన్న యంత్రమే.

తెల్లవారుజామున గదిలో విద్యుత్తు పోయి, అంతర్జాల సంబంధం తెగిందనుకుందాం. దూరాన ఉన్న యంత్రానికి ఏ లోపమూ కలగలేదు. అయినా సంబంధం తెగినట్లు అది గ్రహించగానే లెక్క ఆగిపోతుంది. తొమ్మిది గంటల శ్రమ బూడిదలో పోసిన పన్నీరవుతుంది. తెగినది తీగ మాత్రమే అయినప్పుడు లెక్క ఎందుకు చావాలి?

దీనికి సమాధానం యునిక్స్ చరిత్రలో ఉంది. ఆ వ్యవస్థ రూపుదిద్దుకున్న తొలి దశాబ్దాలలో ఒకే కంప్యూటర్‌ను అనేకులు పంచుకునేవారు. దూరాన ఉన్నవారు టెలిఫోను తీగ ద్వారా దానిని చేరేవారు. ఒకరు ఫోను పెట్టేసిన తరువాత వారి పని దిక్కులేక మిగిలిపోకూడదు; అదే తీగపై మరొకరు వస్తే ముందువారి పని వారి చేతికి చిక్కకూడదు. అందుచేత తీగ తెగగానే, దానికి కట్టుబడి నడుస్తున్న కార్యక్రమాలకు 'హ్యాంగప్' అనే సంకేతం అందుతుంది. వేరుగా ఆదేశించి ఉంటే తప్ప, ఆ సంకేతం అందుకున్న కార్యక్రమం ముగిసిపోతుంది. 1995లో ఫిన్లాండ్ దేశస్థుడు తాతు యులోనెన్ 'ఎస్ఎస్‌హెచ్' అనే సురక్షిత మార్గాన్ని రూపొందించాడు. టెలిఫోను తీగ స్థానంలో అంతర్జాలం వచ్చింది గాని, తాతలనాటి ఆ కట్టుబాటు నేటికీ చెల్లుతూనే ఉంది.

'ఆర్' భాషలో పనిచేసేవారికి ఈ నష్టం మరీ పెద్దది. న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ ప్రారంభించిన ఈ భాష 1.0.0 రూపం 2000 ఫిబ్రవరి 29న వెలువడింది. ఆర్ సాధారణంగా తన దత్తాంశాన్నీ, ఫలితాలనూ ప్రధాన స్మృతిలోనే ఉంచుకుంటుంది. కార్యక్రమం ముగిస్తే, భద్రపరచని ఫలితాలన్నీ దానితోపాటే మాయమవుతాయి.

హ్యాంగప్ సంకేతాన్ని పట్టించుకోవద్దని కార్యక్రమానికి ముందే చెప్పే 'నోహప్' అనే ఆదేశం ఒకటి ఉంది. ఒకసారి అప్పగించి వదిలివేసే లెక్కకు అది చాలు. కాని సాంఖ్యకుని పని చాలావరకు సంభాషణ వంటిది. ఒక పటం చూసి, అనుమానం కలిగి, మరొక ప్రశ్న వేయాలి. నోహప్‌తో అది సాధ్యం కాదు.

ఈ చిక్కును 1987లో బెర్లిన్ సాంకేతిక విశ్వవిద్యాలయానికి చెందిన ఒలివర్ లౌమాన్, కార్స్‌టెన్ బోర్మన్ 'స్క్రీన్' అనే సాధనంతో విడదీశారు. ఇది ఆ దూరయంత్రంలోనే నివసించే మధ్యవర్తి. ఆర్ ఇప్పుడు బయటి తీగకు గాక, ఈ మధ్యవర్తి కల్పించిన లోపలి తెరకు కట్టుబడి ఉంటుంది. తీగ తెగినప్పుడు సంకేతం బయటి వాకిలి వరకే వస్తుంది. లోపల లెక్క సాగుతూనే ఉంటుంది.

వాడుక సులభమే. దూరయంత్రాన్ని చేరిన తరువాత 'స్క్రీన్' అని ఆదేశించి, దానిలోపల ఆర్‌ను మొదలుపెట్టాలి. వెళ్లవలసి వచ్చినప్పుడు కంట్రోల్, ఎ మీటలను కలిపి నొక్కి, ఆపై డి నొక్కాలి. తిరిగి వచ్చాక 'స్క్రీన్ -ఆర్' అంటే విడిచిన చోటే పని ఎదురవుతుంది. చెప్పకుండా తీగ తెగితే పాత తెర ఇంకా అంటిపెట్టుకున్నట్లే యంత్రం భావించవచ్చు. అప్పుడు 'స్క్రీన్ -డి -ఆర్' అనాలి. 2007లో నికొలస్ మారియట్ ప్రారంభించిన 'టీమక్స్' కూడా ఇదే పని చేస్తుంది. అందులో ఎ బదులు బి నొక్కాలి. కొత్తవారు తరచుగా స్క్రీన్‌ను తమ సొంత కంప్యూటర్‌లో మొదలుపెట్టి, దానిలోనుండి దూరయంత్రానికి వెళతారు. మధ్యవర్తి గోడకు ఈవల నిలిచినప్పుడు ఆవలి లెక్కను కాపాడేదెవరు?

తీగ తెగకుండా చూసుకోవడం మరొక జాగ్రత్త. నిమిషానికొకసారి చిన్న పలకరింపు పంపేలా ఎస్ఎస్‌హెచ్‌ను అమర్చవచ్చు. పని లేదని భావించి దారిలోని పరికరాలు సంబంధాన్ని తెంచడం దీనివల్ల తగ్గుతుంది. విద్యుత్తు పోతే మాత్రం ఆ పలకరింపూ పోతుంది.

మధ్యవర్తికీ పరిమితులున్నాయి. పటం గీసే కిటికీ తెగిన తీగ గుండానే పరిశోధకుని గదికి వచ్చి ఉంటే, దానిని స్క్రీన్ నిలపలేదు. కనుక పటాలను పీడీఎఫ్ దస్త్రాలలోకి పంపడం మేలు. దూరయంత్రమే ఆగి తిరిగి మొదలైతే స్క్రీన్ కూడా అంతరిస్తుంది. పదివేల పునర్నమూనాలు తీయదలచినవారు ప్రతి అయిదువందలకొకసారి ఫలితాలను డిస్కుపై రాయించుకుంటే, అటువంటి రాత్రి కూడా పోయేది చివరి కొన్ని వందలే.