ధనము – ఋణము: సంఖ్యలకు మనవారు పెట్టిన పేర్లు

గత మాసంలో సాయంకాల ప్రవచనం ముగిసిన తరువాత ఒక భక్తుడు తన మనుమని వెంటబెట్టుకొని మండపంలో నా వద్దకు వచ్చినారు. ఏడవ తరగతి చదువుచున్న ఆ బాలుడు, "తాతగారూ, ఋణసంఖ్యను ఋణసంఖ్యతో గుణిస్తే ధనసంఖ్య వస్తుందని మా మాస్టారు చెప్పారు. అప్పును అప్పుతో గుణిస్తే ఆస్తి ఎలా అవుతుందండీ?" అని అడిగినాడు. నేను నోరు తెరవక ముందే వాని తాతగారు, "ఇవన్నీ మన వేదాలలో ఎప్పుడో చెప్పినవేరా" అన్నారు. పిల్లవాని ప్రశ్న సరియైనది. పెద్దాయన అభిమానమూ మెచ్చదగినదే. కాని ఆ మాట వలన ప్రశ్న తీరలేదు. అది చరిత్రకు సరిపడు మాటయు కాదు. ఆనాడు మండపంలో చెప్పినదానినే కొంత విస్తరించి ఇక్కడ వ్రాయుచున్నాను.

నేటి తెలుగు పాఠ్యపుస్తకాలలో కనిపించే ధన, ఋణ అను పదాలు నిన్న మొన్న కల్పించినవి కావు. క్రీ.శ. 628లో బ్రహ్మగుప్తుడు బ్రాహ్మస్ఫుటసిద్ధాంతంలో వాడినవి ఈ పదాలే. జిష్ణుని కుమారుడైన బ్రహ్మగుప్తునిది భిల్లమాల. నేటి రాజస్థాన్‌లోని భీన్‌మాల్ అదే. ముప్పది ఏండ్ల వయసులో ఆ జ్యోతిషగ్రంథాన్ని రచించినట్లు ఆయనే చెప్పుకొన్నాడు. అందులోని కుట్టకాధ్యాయంలో ధనము, ఋణము, శూన్యము అను మూడింటికీ కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం ఎట్లు చేయవలెనో వరుసగా సూత్రించినాడు. రెండు ధనాల మొత్తం ధనం. రెండు ఋణాల మొత్తం ఋణం. ధనఋణాలను కలిపితే వాటి భేదమే ఫలం. అవి సమానమైతే ఫలం శూన్యం. ధనాన్ని ఋణంతో గుణిస్తే ఋణం. ఋణాన్ని ఋణంతో గుణిస్తే ధనం.

బాలుని ప్రశ్న ఈ చివరి నియమం మీదనే. బ్రహ్మగుప్తుడు నియమం చెప్పినాడే కాని కారణం వివరించలేదు. కారణం ఇట్లు ఊహించవచ్చును. ఒకనికి అయిదేసి రూపాయల అప్పుపత్రాలు కొన్ని ఉన్నవి. మరి మూడు పత్రాలు వ్రాసి ఇచ్చినచో వాని స్థితి పదునైదు రూపాయలు దిగజారుతుంది. ఇది ఋణాన్ని ధనంతో గుణించుట. ఉన్నవాటిలో మూడు పత్రాలను ఋణదాత దయతలచి చింపివేసినచో వాని స్థితి పదునైదు రూపాయలు మెరుగవుతుంది. ఇది ఋణాన్ని ఋణంతో గుణించుట. ఇక్కడ అప్పును అప్పుతో గుణించలేదు, అప్పును తొలగించినాము. రెండవ ఋణం "తొలగించుట" అను క్రియను తెలుపుతున్నది. ఇంత చెప్పగానే బాలుని ముఖం వికసించినది.

ఇక తాతగారి మాటకు వత్తును. బ్రహ్మగుప్తుని కంటె ముందే చీనా దేశీయులు ఋణసంఖ్యలను ఎరుగుదురు. సుమారు రెండువేల ఏండ్ల నాటి "తొమ్మిది అధ్యాయాల గణితం" అను వారి గ్రంథంలో వీటి కూడిక, తీసివేతల పద్ధతి ఉన్నది. క్రీ.శ. 263లో దానికి వ్యాఖ్య వ్రాసిన లియూ హుయి, ధనానికి ఎర్రని పుల్లలు, ఋణానికి నల్లని పుల్లలు వాడవలెనని చెప్పినాడు. నేటి జమాఖర్చులలో ఎరుపు లోటుకు గుర్తు; వారికి అదే ధనానికి గుర్తు! కనుక ఋణసంఖ్యను మొదట గుర్తించినవారము మనమే అనుట సత్యం కాదు. ధనఋణశూన్యాలు మూడింటినీ ఒకే కుటుంబంగా చేర్చి, గుణకార భాగహారాలతో సహా నియమాలు కట్టిన ఘనత మాత్రం బ్రహ్మగుప్తునిది. ఆ కుటుంబమే నేడు పిల్లలు చదువుచున్న పూర్ణసంఖ్యలకు పునాది.

తరువాత తొమ్మిదవ శతాబ్దంలో రాష్ట్రకూట అమోఘవర్షుని కాలమున జైనపండితుడైన మహావీరాచార్యుడు గణితసారసంగ్రహాన్ని రచించినాడు. ఋణరాశి స్వభావముచేతనే వర్గం కాజాలదు కనుక దానికి వర్గమూలం లేదని ఆయన స్పష్టంగా చెప్పినాడు. ఈ గ్రంథాన్నే పావులూరి మల్లన తెలుగు పద్యాలలోనికి తెచ్చినాడు. తెలుగుజాతికి కావ్యమే కాదు, గణితశాస్త్రమూ పద్యరూపంలో అందిన కాలమది.

క్రీ.శ. 1150 ప్రాంతమున భాస్కరాచార్యుడు ఋణసంఖ్యపై బిందువు నుంచి గుర్తించు పద్ధతిని చెప్పినాడు. ఆయన బీజగణితంలో ఒక కోతులగుంపు లెక్క ఉన్నది. గుంపులో అయిదవ వంతు నుండి మూడింటిని తీసివేసి, మిగిలినదానిని వర్గం చేయగా వచ్చినన్ని కోతులు గుహలోనికి పోయినవి. ఒక్కటి మాత్రం బయట కనిపించినది. మొత్తం ఎన్ని? లెక్క ప్రకారం రెండు సమాధానాలు వస్తాయి: యాభై, అయిదు. అయిదు అనుకొన్నచో అయిదవ వంతు ఒకటి. అందు నుండి మూడు కోతులను తీసివేయుట ఎట్లు? అందుచేత ఆ సమాధానాన్ని లోకం ఒప్పదని ఆచార్యుడు దానిని విడిచిపెట్టినాడు. కాని లీలావతిలో ఒక త్రిభుజానికి భుజాలు 10, 17, భూమి 9 అని ఇచ్చి, భూమిలో ఒక ఖండం ఋణం 6 అని తేల్చి, అది వ్యతిరేకదిశలో ఉన్నదని అర్థం చెప్పినాడు. అనగా శిఖరం నుండి దించిన లంబం భూమిని దాటి, ఆరు ప్రమాణాలు వెలుపల పడుతుంది. కోతులకు పొసగని ఋణం రేఖకు పొసగినది. ఋణం అంటే "ఏమీ లేనిదాని కంటె తక్కువ" కాదు, ఎదురు దిక్కు అని ఇక్కడ తేటపడినది. సుమారు 1600 ప్రాంతమున భాస్కరుని బీజగణితానికి వ్యాఖ్య వ్రాసిన కృష్ణదైవజ్ఞుడు ఈ వైపరీత్యం దేశంలోను, కాలంలోను, వస్తువులలోను ఉండునని విభజించి చెప్పినాడు. తూర్పు ధనమైతే పడమర ఋణం.

ఇతర దేశాలలో ఈ సంఖ్యకు ఇంత సులభంగా ఆదరం లభించలేదు. అలెగ్జాండ్రియాలోని డయొఫాంటస్ ఋణసమాధానం వచ్చే సమీకరణాన్ని అసంగతమని త్రోసిపుచ్చినాడు. 1544లో జర్మనీకి చెందిన స్టీఫెల్ వీటిని అసంబద్ధ సంఖ్యలన్నాడు. మరుసటి ఏట ఇటలీలో కార్డానో కల్పితాలన్నాడు. 1685లో ఇంగ్లండులో వాలిస్, అయిదు గజాలు ముందుకు నడిచి ఎనిమిది గజాలు వెనుకకు వచ్చిన మనిషిని ఉదాహరణగా చూపినాడు. అయినను 1758లో కూడ మేజరెస్ అను ఆంగ్లేయుడు వీటి వాడకాన్ని ఖండిస్తూ గ్రంథం వ్రాసినాడు.

మనవారు తప్పే చేయలేదా? చేసినారు. శూన్యాన్ని శూన్యంతో భాగిస్తే శూన్యమని బ్రహ్మగుప్తుడు చెప్పినది నేటి గణితం అంగీకరించదు. శూన్యంతో భాగించిన రాశికి భాస్కరుడు ఖహరమని పేరుపెట్టి, సృష్టిలయాలలో మార్పు లేని అనంతునితో పోల్చినాడు. ఉపమానం మనోహరమే, అయినను శూన్యంతో భాగహారమే తగదని నేటి సిద్ధాంతం. ఈ మాట చెప్పుట పూర్వులను కించపరచుట కాదు. బ్రహ్మగుప్తుడే తన గ్రంథంలో ఒక అధ్యాయాన్ని పూర్వాచార్యుల మతాల పరీక్షకు వినియోగించినాడు.

బ్రాహ్మణుడు దేవఋణం, పితృఋణం, ఋషిఋణం అను మూడు ఋణాలతో పుట్టునని తైత్తిరీయ సంహిత చెబుతున్నది. వానిలో ఋషిఋణం తీరుట అధ్యయనం చేత. "అన్నీ మన గ్రంథాలలో ఉన్నవి" అని చెప్పి గ్రంథం తెరవనివానికి ఆ ఋణం తీరదు. చీనావారు ఇచ్చినది వారికి చెల్లించి, మనవారు ఇచ్చినది చదివి తెలిసికొని పిల్లలకు అందించుట మన విధి. ఇంతయు విని పెద్దాయన కొంతసేపు మౌనంగా ఉండి, "అయితే ఆ కోతుల లెక్క మరొకసారి చెప్పండి, వీనికి ఇంటి దగ్గర నేను చేసి చూపిస్తాను" అన్నారు. ఆయన చేతిసంచిలో కాగితం లేదు. ప్రసాదం పొట్లం విప్పి, దానిమీదనే వ్రాసి ఇచ్చినాను.